మాట్లాడినవారి పేర్లు

ఈ మధ్య నాకు ఏ మీటింగుకి వెళ్ళినా అక్కడ ఏం చెప్పారన్నది గుర్తుండదు, కుర్చీ ఎలా ఉందన్నది గుర్తుంటుంది. మనవరాలి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగన్నారు. కోడలికి సెలవు దొరకలేదు, మా అబ్బాయికి షిఫ్టు మారలేదు. "నువ్వు టీచరువి కదమ్మా, నీకు తెలిసినట్టు మాకేం తెలుస్తుంది" అని ఇద్దరూ కలిసి నన్ను పంపించారు. మద్దిలపాలెంలో ఆటో ఎక్కి, వెళ్ళి, మూడంతస్తుల మెట్లు ఆగి ఆగి ఎక్కి, పిల్లలు కూర్చునే బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాను. కౌన్సెలరట, చిన్నపిల్ల, చక్కగా మాట్లాడింది. బళ్ళో పిల్లల్ని పిల్లలే ఏడిపిస్తుంటే పెద్దవాళ్ళు ఎలా కనిపెట్టాలో, కనిపెట్టాక ఏం చెయ్యాలో వివరంగా చెప్పింది. తలా ఒక కాగితం పంచింది. అందులో మొదటి గుర్తు: బాగా మాట్లాడే పిల్లలు ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తారు. రెండో గుర్తు ఏమిటో నేను చదవలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, వాళ్ళిచ్చిన సమోసా పక్కావిడకి ఇచ్చేసి, నడుం నొప్పని చెప్పి ముందే వచ్చేశాను. నిజానికి ఆ రోజు నడుం బాగానే ఉంది.

నేను ముప్ఫై ఏళ్ళ పైన పద్మనాభం వైపు పల్లెటూరి బళ్ళలో చదువు చెప్పాను. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో పిల్లలు. ఆ కాగితంలో ఉన్నవన్నీ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ఆ గుర్తు ఏడో తరగతిలోనే తెలుసు. ఒక పిల్లకి మాట ఎలా పోతుందో నేను రోజురోజుకీ చూశాను. చూడ్డమేమిటి, పోగొట్టిన చేతుల్లో నా చెయ్యే ముందుంది. ఇది రాయాలని ఇదివరకు రెండు మూడు సార్లు కూర్చున్నాను, ప్రతిసారీ మామ్మ గురించీ చేపల గురించీ రాసి లేచిపోయాను. ఈసారీ అక్కణ్ణించే మొదలుపెడతాను, నాకు వేరే దారి తెలీదు.

మా ఇల్లు అప్పుడు కంచరపాలెంలో, రైలు గేటుకి ఇవతల. నాన్న పోర్టులో పనిచేసేవారు. ఇనుప రాయి దుమ్ము ఆయన చొక్కా మీదే కాదు, గాలి మళ్ళిన రోజున మా దండెం మీది బట్టలన్నిటి మీదా ఉండేది. అమ్మ బట్టలు దులుపుతూ పోర్టుని తిట్టేది, సాయంత్రమయ్యేసరికి ఆ పోర్టు నుంచే వచ్చే నాన్న కోసం పొయ్యి మీద వేణ్ణీళ్ళు పెట్టేది. గూడ్సు బండి వెళ్తున్నంతసేపూ మా వీధిలో ఎవరూ మాట్లాడేవారు కాదు. బేరమైనా, పోట్లాటైనా, మాట ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని ఆఖరి పెట్టె దాటాక అక్కణ్ణించే అందుకునేవారు. ఇంట్లో వంట అమ్మది, చేపలు మాత్రం మామ్మవి. మామ్మంటే నాన్న వాళ్ళమ్మ. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, గుమ్మం మెట్టు మీద కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసేది. నోట్లో నిప్పుతో ఆవిడ ఎలా మాట్లాడేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మట్టి దాకలో చింతపండు పులుసు మరిగే వాసన, చుట్ట వాసన, పచ్చి చేపల వాసన కలిసి మా గుమ్మం దగ్గర ఉండేవి. పండగ రోజున కూడా అవి పూర్తిగా పోయేవి కావు.

ఆ చేపలు తెచ్చేది పోలమ్మ. జాలరోళ్ళ మనిషి. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినా, గంపతో బస్సెక్కనివ్వని కండక్టర్లతో రోజూ దెబ్బలాడలేక, మా గేటు దగ్గరే ఒక గది అద్దెకి తీసుకుంది. తెల్లారగట్ల నలుగురు ఆడవాళ్ళు కలిసి రిక్షా కట్టించుకుని రేవు నుంచి చేపలు తెచ్చుకునేవారు, ఎవరి వీధులు వాళ్ళు పంచుకునేవారు. మా వీధి పోలమ్మది. మామ్మకీ ఆవిడకీ బేరం వింటే ఇవాళ ఇద్దరిలో ఒకరే ఇంటికి వెళ్తారేమో అనిపించేది. బేరం తెగాక మామ్మ చేట ముందుకి జరిపేది, పోలమ్మ గంపలోంచి ఒక పిడికెడు చిన్న చేపలు, నెత్తళ్ళు, తీసి పైన వేసేది. అది కొసరు. కొసరు వెయ్యని చేపలమ్మి మా వీధిలో బతకలేదు, కొసరు అడగని ఇల్లాలూ మా వీధిలో లేదు. ఎంత వెయ్యాలన్నది మాత్రం వేసే మనిషి మనసు.

పోలమ్మకి ఒక్కతే కూతురు, నూకరత్నం. నాతో ఏడో తరగతిలో చేరింది. ఒకరోజు మామ్మ పంపితే గేటు దగ్గర కొట్టుకి వెళ్ళి, వాళ్ళ గది ముందునించి వస్తూ ఆగిపోయాను. లోపల నూకరత్నం వాళ్ళమ్మకి మేస్టారు చెప్పిన పాఠం చెప్తోంది. పాఠమే కాదు, మేస్టారి దగ్గు, ఆయన పంచె సర్దుకోవడం, బెల్లు కొట్టే తాత నడక, అన్నీ చేసి చూపిస్తోంది. పోలమ్మ పడీ పడీ నవ్వుతోంది. "ఓలమ్మ, ఆపీయే, కడుపు నొప్పెడతంది" అంటోంది. సందులో నుంచుని నేనూ నవ్వాను. అంత మాటకారి అని అప్పటిదాకా నాకు తెలీదు, ఎందుకంటే బళ్ళో నూకరత్నం నోరు విప్పేదే కాదు.

మొదట్లో విప్పింది పాపం. చేరిన వారంలో ఏదో ప్రశ్నకి లేచి జవాబు చెప్పింది, జవాబు సరైనదే. కానీ ముందు బెంచీలో ప్రమీల ముక్కుకి రిబ్బను చివర అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఇద్దరూ పెట్టుకున్నారు. మర్నాటికి బెంచీలన్నీ పెట్టుకున్నాయి. ప్రమీల వాళ్ళ నాన్నకి గేటు దగ్గర పెద్ద బియ్యం కొట్టు ఉండేది, వీధిలో సగం ఇళ్ళు ఆ కొట్లో అరువు మీద నడిచేవి. ఆ పిల్ల ఏం చేస్తే క్లాసు అదే చేసేది. నూకరత్నం ఆఖరి బెంచీ చివరికి జరిగిపోయింది, మాట మానేసింది. మేం చేసేదాన్ని ఏమీ అనుకోలేదు. దానికి అప్పుడు పేరు కూడా లేదు, అల్లరి అనేవాళ్ళం, ఏడిపించడం అనేవాళ్ళం. ఎవరన్నా అడిగితే "అదంతే, మాట్లాడదు" అనేవాళ్ళం. వాళ్ళింటి సందులో నుంచుని విన్నదాన్ని నేను కూడా అలాగే అన్నాను.

ఇక నా సంగతి. నేను క్లాసు లీడర్ని. దస్తూరీ బాగుంటుందని మేస్టారు నన్ను పెట్టారు. శనివారం బోర్డుకి బొగ్గూ దొండాకూ కలిపి రుద్ది నల్లగా చెయ్యడం, సుద్దముక్కలు లెక్కగా వాడటం, మేస్టారు లేనప్పుడు క్లాసుని కాయడం నా పనులు. ఆయన చెడ్డమనిషి కాదు. రెండు సెక్షన్లకి ఒక్కడే మేస్టారు, ఉబ్బసం మనిషి, ఇక్కడ సగం గంట, అక్కడ సగం గంట. వెళ్తూ వెళ్తూ "లీడరూ, మాట్లాడినవాళ్ళ పేర్లు రాయి" అనేవారు. బోర్డుకి కుడివైపు గీత గీసి, పైన 'మాట్లాడినవారు' అని రాసి, కింద పేర్లు రాయాలి. తిరిగొచ్చాక ఆయన రూళ్ళకర్ర తీసి, పేరుకి రెండు చొప్పున అరచేతి మీద కొట్టేవారు. మా కాలంలో బడికి వెళ్ళినవాళ్ళెవరికీ ఇది వివరించి చెప్పక్కర్లేదు.

మొదటిరోజు నేను నిజమే రాశాను. ప్రమీల పేరు, పక్క ఇద్దరి పేర్లు. దెబ్బలు తిన్నారు. సాయంత్రం గేటు పడి ఉన్నప్పుడు ముగ్గురూ నన్ను చుట్టుముట్టారు. నా పుస్తకాల సంచి లాక్కుని పట్టాల మీదకి విసిరేశారు. అవతల బండి కూత వినిపిస్తోంది. గేటుమాను తిట్టుకుంటూ దిగి సంచి తీసి నా మొహాన కొట్టాడు. "రేపు మా పేర్లు రాయి, సంచి కాదు నిన్నే యిసిరీసి పోతాం" అంది ప్రమీల. నవ్వుతూనే అంది. ఇంట్లో నేను ఏమీ చెప్పలేదు, ఆ కొట్టు అరువు మాకూ ఉంది. మర్నాడు ఎవరి పేరూ రాయకుండా బోర్డు ఖాళీగా ఉంచాను. మేస్టారు చూసి, "అరవైమందిలో ఒక్కరూ మాట్లాడలేదా? అయితే అబద్ధమాడుతున్నది నువ్వే" అని నాకు వేశారు నాలుగు. అరచెయ్యి ముడవలేకపోయాను. నాకు ఒక పేరు కావాలి. గేటు దగ్గర నన్ను పట్టుకోని పేరు, వెనక ఎవరూ లేని పేరు. మూడోరోజు సుద్దముక్క తీసుకుని, గుండ్రంగా, అందంగా, నూకరత్నం అని రాశాను.

క్లాసంతా నవ్వింది. నోరెత్తని పిల్ల మాట్లాడినవారి కింద! మేస్టారికి ఎవరు మాట్లాడతారో ఎవరు మాట్లాడరో చూసే తీరిక లేదు. నూకరత్నం లేచి వచ్చి చెయ్యి చాపింది. మాట్లాడింది నేను కాదని అనలేదు. నా వైపు చూడలేదు. ఆ తరవాత రోజూ అదే పేరు. ఒకోసారి తోడుకి ఇంకో పేరు రాసేదాన్ని, కానీ ఆ పేరు మాత్రం తప్పేది కాదు. నాకు బాధగా లేదా అంటే ఉంది, కానీ దానికంటే హాయి ఎక్కువగా ఉండేది. ఇది రాయలేకే ఇన్నాళ్ళూ లేచిపోయాను. ఒకరికి పడుతున్నంతసేపూ మనకి పడదన్న హాయి అది.

వాచిన అరచేతులతో నూకరత్నం ఉప్పు చేపలు తిరగేస్తుంటే పోలమ్మ చూసింది. చూసి ఏం చేసింది? అప్పటి తల్లులు ఏం చేసేవారో అదే చేసింది. ఒక పొద్దున గంప వరండాలో దింపి, తలమీది చుట్టకుదురు చంకలో పెట్టుకుని, క్లాసు గుమ్మంలో నుంచుంది. పిల్లలందరూ ముక్కులు పట్టుకున్నారు. "మేస్టారూ, మా పిల్ల మరీ మాటాడీస్తంది గావాల. ఇంటికాడా అంతే బాబూ, రేడియో అయినా ఆగుతాది గానీ అది ఆగదు. కళ్ళు ఒగ్గీసి ఎక్కడైనా కొట్టండి, నానేటీ అనుకోను. సదువొస్తే అదే సాలు" అంది. మేస్టారు సంతోషించారు. అలాంటి తల్లి ఉండాలన్నారు. నూకరత్నం ఆఖరి బెంచీలో తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. ఒక్క మాట, నాను మాటాడనేదమ్మా అని ఒక్క మాట అంటే అయిపోయేది. అంటుందేమోనని నేను పుస్తకం తెరిచి అందులోకి తల దూర్చాను.

పోలమ్మ అంతటితో వెళ్ళలేదు. "లీడరెవులు బాబూ?" అంది. నేను లేచాను. నన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది. "ఓలమ్మ, నువ్వేటి రాజీ! మామ్మ మనవరాలివే గదా! మరింక నాకు బెంగేటి? దీన్ని నీకొప్పసెప్తన్నాను తల్లీ, నోరు మూసుకోమని నువ్వు సెప్పు, నీ మాట యింటాది" అంది. అలాగే అన్నాను. ఆ మర్నాటి నుంచి మా చేటలో కొసరు రెండు పిడికిళ్ళయింది. మామ్మ ఆశ్చర్యపోయింది. "ఇదేటే పోలమ్మా, బేరం ఆడకుండానే ఏస్తన్నావు?" అంది. "నీకు కాదులే మామ్మా, లీడరమ్మకి. నా పిల్లని సూసుకుంటంది" అంది పోలమ్మ. రెండు నెలలు పోయాక ఒకరోజు గంప ఎత్తుకుంటూ, ఎంతో తృప్తిగా చెప్పింది: "నీ సలవే తల్లీ. ఇప్పుడు ఇంటికాడ కూడా నోరిప్పడం నేదు. ఎంత బుద్ధిమంతురాలైపోనాదో."

మామ్మ కత్తిపీట మీంచి తలెత్తి చూసింది. ఆవిడ ఆ పిల్లని ఎరుగును. నేను ఇంట్లో లేనప్పుడు గంప మొయ్యడానికి సాయం వచ్చి నూకరత్నం గలగలా వాగుతూ మామ్మ అడ్డపొగని అనుకరించి చూపించేది, మామ్మ తిట్టి నవ్వేది. పోలమ్మ వెళ్ళాక, నోట్లోంచి చుట్ట తీసి, "ఒసే రాజీ, ఆ పిల్ల ఇస్కూల్లో నిజంగా మాటాడతాదేటే?" అని అడిగింది. "ఆ" అన్నాను. మామ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం నెత్తళ్ళు వేరే మూకుట్లో ఉల్లిపాయలేసి వేయించి, మొత్తం నా కంచంలోనే వేసింది. తమ్ముడు చెయ్యి చాపితే చెయ్యి మీద కొట్టింది. "అయి దానికిచ్చినయి. అదే తినాల" అంది. అప్పటి నుంచీ కొసరు వచ్చిన ప్రతిరోజూ అంతే. మామ్మ కనిపెట్టిందని నాకు తెలుసు, నాకు తెలిసిందని మామ్మకీ తెలుసు. ఆవిడ అలా శిక్ష వేసిందా, నేనే నోరు విప్పాలని కాచుకుందా, అన్నది అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. తిన్నాను. చివరికంటా తిన్నాను, రుచిగానే ఉండేవి.

మరుసటి జూన్‌లో నూకరత్నం బడికి రాలేదు. "సదువు మీద మనసు నేదు దానికి. పలకదు, ఉలకదు, ఇంకేటి సదువుతాది మామ్మా?" అంది పోలమ్మ. "అయినా మీ మనవరాలుండబట్టి అన్నాళ్ళైనా ఎల్లింది" అని కొసరు వేసింది. ఆ పిల్ల తల్లితో పాటు రేవుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతిలో నేను లీడరుగా ఉండను అన్నాను, ప్రమీలని పెట్టారు. నేను టీచర్నయ్యాక ఒక్కరోజు కూడా పిల్లల చేత పేర్లు రాయించలేదు. అదొక ఘనకార్యమని కొన్నాళ్ళు అనుకున్నాను కూడా. పేర్లు రాయించని నా క్లాసుల్లోనూ ఆఖరి బెంచీలు ఉన్నాయి, వాటి చివర మాట్లాడని పిల్లలు ఉన్నారు. కొందర్ని చూశాను, లేవదీశాను. కొందర్ని బస్సు వేళవుతోందని చూడనట్టు వచ్చేశాను.

ఇప్పుడు అన్నీ ఉన్నాయి. కొట్టకూడదు, తిట్టకూడదు. గుమ్మం పక్కన ఫిర్యాదుల పెట్టె, పైన కెమెరా, ఏడిపించడానికో ఇంగ్లీషు పేరు, ఆ పేరు తెలిసిన కౌన్సెలరు. మంచిదే, నేను కాదనను. మీటింగు నుంచి వచ్చిన సాయంత్రం మనవరాలికి పాలిస్తూ, మీ క్లాసులో అస్సలు మాట్లాడని వాళ్ళెవరన్నా ఉన్నారా అని అడిగాను. "ఒకమ్మాయి ఉంది నానమ్మా" అంది ఫోను మీంచి కళ్ళు తియ్యకుండా. ఏం, ఎందుకు మాట్లాడదు అన్నాను. "ఏమో. అదంతే" అంది. నేను గ్లాసు బల్ల మీద పెట్టి కూర్చుండిపోయాను. తరవాత చాలాసేపు దానితో మాట్లాడాను. విందో లేదో తెలీదు, రేపు ఆ పిల్ల పక్కన కూర్చుంటానని మాత్రం అంది.

మర్నాడు కంచరపాలెం వెళ్ళాను. పోలమ్మ పోయిందని మా తమ్ముడు చెప్పి అప్పటికి నాలుగు నెలలు, పలకరించడానికి కూడా అంతవరకూ వెళ్ళలేదు. నూకరత్నం ఇప్పుడు ఎండుచేపల కొట్టు పెట్టుకుంది, వెనకే ఇల్లు. మనిషి తల్లిలాగే ఉంది, మాట మాత్రం పొదుపు. కుర్చీ తుడిచి వేసింది, టీ తెప్పించింది. వాళ్ళమ్మ ఎలా పోయిందో రెండు ముక్కల్లో చెప్పింది. ఇంక నాకు తిన్నగా చెప్పెయ్యడం తప్ప ఏమీ మిగల్లేదు. "రత్నం, అప్పుడు నీ పేరు రోజూ రాసింది నేనే. నువ్వు మాట్లాడకపోయినా రాశాను" అన్నాను.

"తెల్దేటి?" అంది. "నువ్వు రాస్తే నాను సూస్తానే ఉన్నాను కదా."

"మరి మీ అమ్మకి ఎందుకు చెప్పలేదు? గుమ్మంలో నుంచుని నిన్ను కొట్టమంది కదా, అప్పుడైనా ఒక్క మాట..."

ఆవిడ పక్కకి తిరిగి తట్టలో చేపలు సర్దింది, ఈగల్ని తోలింది. "ఆయేళ అందరూ ముక్కులు మూసుకుంటే నెగనేకపోనాను. తరవాత మాయమ్మ గంప దింపగానే ఒకటే మాట అనీది. 'ఇస్కూల్లో నీకు రాజీ ఉంది, నాకింక బెంగ నేదు' అనీది. ఈ ఊళ్ళో దానికి మనోలు అనుకున్నోలు మీరే. అది కూడా నేదని ఎలా సెప్తాను? సెప్పకూడదనుకున్నాను. నాకేమో వాగుడెక్కువ, మాటల్లో పడితే ఎక్కడో నోరు జారీస్తానని బయిం. అందుకే ఇంటికాడ కూడా మాటాడ్డం మానీసినాను. తరవాత అదే అలవాటైపోనాది."

కొట్టు ముందునుంచి గూడ్సు బండి పోవడం మొదలైంది. ఇద్దరం ఊరుకున్నాం. బండి పోయాక నేను మాట అందుకోలేకపోయాను, ఆవిడే అంది. "పోయే ముందు కూడా అడిగింది, రాజీ ఎలాగుందని. బాగుందని సెప్పినాను."

పోలమ్మ నా పెళ్ళి దాకా మా గుమ్మంలో గంప దింపింది. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా కబురు తెలిసి మరీ వచ్చి, నా చేతుల్లోనే చేపలు పోసి వెళ్ళేది. ఆవిడతో ఆ ముక్క చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. అన్నేళ్ళలో నేను ఆ నిమిషం చూసుకోలేకపోయాను.